ఊరెళ్లేవాళ్ల ఇంట్లో మూగజీవాలకు తోడు

సంక్రాంతికి ఊరెళ్లాలి. రైలు టికెట్లు రెండు నెలల ముందే తీసుకున్నారు. పిల్లల బట్టలు సర్దేశారు. పాలవాడికి నాలుగు రోజులు వద్దని చెప్పారు. ఇక మిగిలింది ఒకటే సమస్య... వరండాలో పడుకుని ఈ హడావుడి అంతా అనుమానంగా చూస్తున్న కుక్క! దాన్నేం చేయాలి?

వెంట తీసుకెళ్దామంటే, రైల్లో ఫస్ట్ ఏసీ కూపేగానీ క్యాబిన్‌గానీ మొత్తం బుక్ చేసుకున్నవాళ్లకే కుక్కను తమతో ఉంచుకునే వీలుంటుంది. లేదంటే అది బ్రేక్‌వ్యాన్‌లోని పెట్టెలో ప్రయాణించాలి. పక్కింటివాళ్లకు అప్పగిద్దామంటే వాళ్లూ పండక్కి వెళ్తున్నారు. వాచ్‌మన్ అన్నమైతే పెడతాడు, మాత్ర మింగించమంటే మాత్రం ఆమడ దూరం పరిగెత్తుతాడు. డబ్బు కట్టి కెన్నెల్‌లో వదుల్దామా అంటే కొత్తచోట అది రెండు రోజులు ముద్ద ముట్టదు.

సరిగ్గా ఈ ఇబ్బందిలోంచి పుట్టిందే పెట్ సిట్టర్ పని. ఇంట్లోవాళ్లు ఊరెళ్లినప్పుడు పెంపుడు జంతువును దాని ఇంట్లోనే ఉంచి, వేళకు వెళ్లి తిండి పెట్టి, నీళ్లు మార్చి, బయట తిప్పి, మందులుంటే వేసి వచ్చే మనిషి పెట్ సిట్టర్. కొందరు రోజుకు రెండుసార్లు వెళ్లివస్తారు. కొందరు రాత్రిళ్లు ఆ ఇంట్లోనే పడుకుంటారు. ఇంకొందరు జంతువును తమ ఇంటికే తెచ్చుకుని చూస్తారు. పేరు కొత్తగా ఉన్నా మన నగరాల్లో ఈ అవసరం రోజూ కనిపించేదే.

ఉద్యోగం పోయి... కొత్త వృత్తికి దారి

ఈ పనికి వృత్తి హోదా తెచ్చినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు ప్యాటీ మోరన్. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రానికి చెందిన ఆమె ఉద్యోగం పోయాక 1980ల్లో ఈ పని మొదలుపెట్టారు. తన అనుభవాలతో 1987లో ఒక పుస్తకం రాశారు. 1994లో పెట్ సిట్టర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థను స్థాపించారు. ఈ పని చేసేవారికి శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ లాంటివి ఆ సంస్థ ద్వారా వచ్చాయి. అప్పటిదాకా పక్కింటి పిల్లాడి చేతిలో నాలుగు డాలర్లు పెట్టి చేయించుకునే పని కాస్తా పద్ధతి, జవాబుదారీ ఉన్న వృత్తిగా మారింది.

మన దగ్గర పరిస్థితి కాస్త వేరు. ఉమ్మడి కుటుంబం ఉన్న రోజుల్లో ఎవరో ఒకరు ఇంట్లో ఉండేవారు. కుక్కకు ప్రత్యేకంగా కాపలా అక్కర్లేదు. ఇప్పుడు అపార్ట్‌మెంటులో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే తలుపు వెనక ఉండేది కుక్కో, పిల్లో మాత్రమే. పిల్లలు విదేశాలకు వెళ్తూ వదిలిన లాబ్రడార్‌ను పొద్దున్నే లాక్కెళ్లలేక మోకాళ్లు పట్టుకునే పెద్దవాళ్లున్న ఇళ్లూ తక్కువేం కాదు. కాబట్టి పని ఊళ్లు తిరిగేవాళ్ల దగ్గరే కాదు, ఇంట్లో ఉండేవాళ్ల దగ్గర కూడా దొరుకుతుంది.

పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, డిగ్రీ అడగరు. అందుకే గృహిణులు, చదువుకుంటున్న కుర్రాళ్లు, ఉద్యోగ విరమణ చేసినవాళ్లు ఇటువైపు చూస్తున్నారు. అయితే తేలిగ్గా మొదలుపెట్టగలిగిన పని తేలికైన పని అనుకుంటే పొరపాటే!

ప్రేమ ఒక్కటే చాలదు

'నాకు కుక్కలంటే ప్రాణం'... ఈ పనికి వచ్చేవారు మొదట చెప్పే మాట ఇదే. ప్రేమ లేనివాళ్లు ఈ పని చేయలేరన్నది నిజమే. కానీ ఊరెళ్లే యజమాని కోరుకునేది అంతకన్నా మామూలు విషయం. తను లేని నాలుగు రోజులూ తను ఉన్నట్టే గడవాలి. ఆరున్నరకు పెట్టే గిన్నె ఆరున్నరకే పెట్టాలి. రోజూ వెళ్లే వీధిలోకే తీసుకెళ్లాలి. ఏదైనా తేడా వస్తే ఆ పూటే కనిపెట్టాలి.

ప్రేమ ఎక్కువై చేసే పొరపాట్లు బోలెడు. జాలిపడి ఇంకో ముద్ద పెట్టడం, ముద్దొచ్చి మొదటి రోజే మీదకు వంగి కౌగిలించుకోబోవడం, పార్కులో ఆడుకుంటుందని గొలుసు విప్పేయడం... ఇవన్నీ ప్రేమతోనే జరుగుతాయి. సొంత కుక్క విషయంలో ఇలాంటివి చెల్లుతాయేమో! ఎదుటివాళ్ల కుక్క గొలుసు విప్పాక అది రోడ్డు మీదకు పరుగెత్తితే ఆ యజమానికి ఫోన్ చేసి చెప్పాల్సింది సిట్టరే.

అందుకే మొదలుపెట్టే ముందు కొన్నాళ్లు చేతులకు పని నేర్పడం మంచిది. 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్, విశాఖపట్నంలోని విశాఖ ఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థల్లో స్వచ్ఛందంగా పనిచేసే అవకాశం దొరికితే వదులుకోకూడదు. భయపడిన కుక్క దగ్గరికి ఎలా వెళ్లాలో, పిల్లిని ఎలా ఎత్తుకోవాలో, మాత్ర ఎలా మింగించాలో అక్కడ చూసి నేర్చుకున్నంతగా ఏ పుస్తకం చదివినా రాదు.

తాళంచెవికి ముందు పరిచయం

అనుభవం ఉన్న సిట్టర్లు ఫోన్లో పని ఒప్పుకోరు. యజమాని ఇంట్లో ఉండగానే ఒకసారి వెళ్లి కలుస్తారు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు ఈ మొదటి పరిచయానికి ఇంట్లోవాళ్లను ఎవరినైనా తోడు తీసుకెళ్లడం, ఎక్కడికి వెళ్తున్నదీ మరొకరికి చెప్పి వెళ్లడం అవసరం.

ఇంట్లోకి వెళ్లగానే కుక్కను పలకరించేయకూడదు. కూర్చుని యజమానితో మాట్లాడుతూ ఉండాలి. దాని కళ్లలోకి అదేపనిగా చూడకూడదు. అదే వచ్చి వాసన చూస్తుంది. ఆ పదిహేను నిమిషాల్లోనే సగం సంగతి తెలిసిపోతుంది.

తర్వాత నోటుపుస్తకం తెరవాలి. తిండి ఏమిటి, ఎంత, ఏ గిన్నెలో? ఏ మందు, ఏ వేళకు, దేనిలో కలిపి? టీకాలు ఎప్పుడు వేయించారు? ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా? ఉరుముకు భయపడుతుందా? తలుపు తెరిస్తే బయటికి దూకుతుందా? రోజూ చూసే పశువైద్యుడు ఎవరు, ఆయన లేకపోతే రాత్రివేళ ఎక్కడికి తీసుకెళ్లాలి? యజమాని ఫోన్ అందకపోతే నిర్ణయం తీసుకునే బంధువు ఎవరు?

'కరిచిందా' అన్న ప్రశ్నకు చాలామంది 'అబ్బే, మావాడు బంగారం' అంటారు. అబద్ధం చెప్పాలని కాదు, తమ దగ్గర అది బంగారమే కాబట్టి. అందుకని ప్రశ్నను కాస్త మార్చి అడగాలి. తింటున్నప్పుడు గిన్నె దగ్గరికి ఎవరైనా వెళ్తే ఏం చేస్తుంది? గోళ్లు కత్తిరిస్తుంటే? కొత్తవాళ్లు సోఫా మీద కూర్చుంటే? అలా అడిగితే సరైన జవాబులు వస్తాయి.

తోక ఊపితే సంతోషమేనా?

కుక్క తోక ఊపుతోందంటే సంతోషంగా ఉందనుకోవడం మనకు అలవాటు. కానీ ఒళ్లంతా బిగబట్టి, తోక పైకెత్తి గట్టిగా ఆడిస్తున్న కుక్క స్నేహానికి పిలుస్తున్నట్టు కాదు. నిద్ర రాకుండానే ఆవలించడం, తిండి లేకుండానే పెదవులు నాక్కోవడం, తల పక్కకు తిప్పి కనుకొసల తెల్లగుడ్డు కనిపించేలా చూడడం, తోకను కాళ్ల మధ్యకు ముడవడం... ఇవన్నీ 'నాకు ఇబ్బందిగా ఉంది' అని అది చెప్పే మాటలు. ఈ మాటలు వినిపించుకోనప్పుడే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే తర్వాతి సారి గుర్రుమనకుండా నేరుగా కరుస్తుంది.

పిల్లుల సంగతి మరీ వేరు. యజమాని వెళ్లిన రోజు మంచం కిందికి దూరిన పిల్లి రెండో రోజు దాకా బయటికి రాకపోవచ్చు. దాన్ని లాగకూడదు. కానీ గిన్నె ఖాళీ అవుతోందా, మట్టి పెట్టెలో మూత్రం పోస్తోందా అన్నది ప్రతిసారీ చూడాలి. రెండు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకు రావచ్చు. మగపిల్లి మాటిమాటికీ పెట్టెలోకి వెళ్లి ముక్కుతూ చుక్క మూత్రం పోయలేకపోతుంటే దారి మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారాక చూద్దామనుకునే సమస్య కాదది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అందుకే పిల్లి ఉన్న ఇంటికి 'రెండు రోజులకోసారి వచ్చి గిన్నె నింపితే చాలు' అనే యజమానులకు ఒప్పుకోకూడదు. రోజుకు ఒక్కసారైనా వెళ్లి కళ్లతో చూడాల్సిందే.

పాయసం గిన్నెతో ప్రమాదం

మన ఇళ్లలో మిగిలింది కుక్కకు పెట్టడం ఆనవాయితీ. సిట్టర్‌కు ఆ అలవాటు పనికిరాదు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకూ పిల్లులకూ రక్తకణాలను దెబ్బతీస్తాయి. అంటే మన సాంబారు అన్నం వాటికి మంచి తిండి కాదు. ద్రాక్ష, కిస్‌మిస్‌లు కుక్కల మూత్రపిండాలను పాడుచేయగలవు... కాబట్టి పండగ పాయసమూ వద్దు. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ కుక్కలకు విషం. ఉడికించిన కోడి ఎముకలు పదునుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

మనుషుల మందులు మరీ ప్రమాదం. ఒళ్లు వెచ్చగా ఉందని పిల్లికి వేసిన ఒక్క పారాసిటమాల్ మాత్ర దాని ప్రాణం తీయగలదు. కుక్కల మీద గోమార్లు పోవడానికి వాడే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. అదీ పిల్లులకు విషమే. లిల్లీ పూలు పిల్లి నమిలితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పూలకుండీ ఉన్న ఇంట్లో మొదటి రోజే ఒకసారి చుట్టూ చూసుకోవాలి. వైద్యుడు రాసిచ్చిన మందు తప్ప మరేదీ సిట్టర్ చేతుల మీదుగా జంతువు నోట్లోకి వెళ్లకూడదు.

ఎండలు... టపాసులు

తెలుగు రాష్ట్రాల్లో ఈ పని చేసేవారికి రెండు గడ్డు కాలాలు. ఒకటి వేసవి. సెలవులకు అందరూ ఊళ్లు వెళ్తారు, పని దండిగా ఉంటుంది, ఎండా దండిగానే ఉంటుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగరుస్తూనే వేడిని వదిలించుకోవాలి. పగ్‌లాంటి చప్పిడిముక్కు జాతులకు ఆ పని ఇంకా కష్టం. కాబట్టి నడక తెల్లవారుజామునో, బాగా చీకటి పడ్డాకో పెట్టుకోవాలి. రోడ్డు మీద మన అరచేతి వెనకభాగం ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ దానిపై నడవలేవు.

కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. మనకు జ్వరమైనది దానికి మామూలే. వగర్పు ఆగక, చొంగ కారుతూ, తూలిపోతుంటే మాత్రం వడదెబ్బ అనుకోవాలి. నీడకు తెచ్చి, మామూలు చల్లటి నీళ్లతో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

రెండోది దీపావళి. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్‌ల దాకా వింటే కుక్క సుమారు 45 వేల దాకా వింటుంది. వీధిలో టపాసు పేలితే మంచం కింద దూరి వణికే కుక్కలున్నాయి, గోడ దూకి పారిపోయేవీ ఉన్నాయి. ఆ రోజు సాయంత్రం మొదలవకముందే నడక ముగించాలి. కిటికీలు మూసి, టీవీ కాస్త పెద్దగా పెట్టి, మనిషి తోడుండాలి. మెడపట్టీకి యజమాని ఫోన్ నంబరున్న బిళ్ల తప్పనిసరి. ఆ ఒక్క రాత్రికి అరగంట వచ్చిపోయే సిట్టర్ సరిపోరు, రాత్రికి అక్కడే ఉండేవాళ్లు కావాలి.

ఏ కాలంలోనైనా తలుపు దగ్గర ఒకటే సూత్రం. ముందు గేటు వేయాలి, తర్వాత గొలుసు తగిలించాలి, ఆ తర్వాతే తలుపు తీయాలి. ఫోన్ మాట్లాడుతూ తలుపు తీసేవాళ్లకు ఈ పని తగదు.

ఒక ఇంటి జబ్బు మరో ఇంటికి

రోజుకు నాలుగిళ్లు తిరిగే సిట్టర్ నాలుగు ఇళ్ల మధ్య వంతెన. కుక్కపిల్లలను పొట్టన పెట్టుకునే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. చెప్పులకు అంటుకుని ఇంకో ఇంటికి ప్రయాణిస్తుంది. టీకాలు పూర్తికాని పిల్ల ఉన్న ఇంటికి ముందు వెళ్లి, మిగతా ఇళ్లకు తర్వాత వెళ్లడం మేలు. వాంతులు, విరేచనాలతో ఉన్న కుక్కను చూశాక బట్టలు, చెప్పులు మార్చకుండా మరో ఇంటి గడప తొక్కకూడదు. సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇంటింటికీ జరగాలి.

ఇక సిట్టర్ సొంత ఆరోగ్యం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం. కానీ ముందు జాగ్రత్తతో పూర్తిగా తప్పించుకోగల జబ్బు అది. ఈ వృత్తిలోకి వచ్చేవారు వైద్యుడిని అడిగి ముందస్తు టీకా వేయించుకోవాలి. అప్పుడు కాటు పడ్డాక వేయించుకోవాల్సిన డోసులు తగ్గుతాయి, మొత్తంగా అక్కర్లేకుండా మాత్రం పోవు. కరిచినా, రక్తం వచ్చేలా గీరినా ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. 'పెంపుడు కుక్కే కదా' అని పసుపు రాసి ఊరుకోవడం ప్రాణంతో చెలగాటమే.

తాళంచెవి బరువు

కుక్కతోపాటు ఆ కుటుంబం సిట్టర్‌కు ఇంటినీ అప్పగిస్తుంది. నమ్మకం నిలబడేదీ, పోయేదీ ఇక్కడే. తాళంచెవికి ఇంటి నంబరు రాసిన బిళ్ల కట్టకూడదు, ఎక్కడైనా పడిపోతే దొరికినవాడికి చిరునామా ఇచ్చినట్టే. సిట్టర్ వస్తారని అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు, పక్కింటికి యజమానితోనే ముందుగా చెప్పించాలి. నగలూ నగదూ ఉన్న గదులు తాళం వేసి వెళ్లమని సిట్టరే అడగాలి. అలా అడిగితే అవతలివాళ్లు తప్పుగా అనుకోరు, ఇంకా నిశ్చింతగా వెళ్తారు.

స్నేహితులను వెంటబెట్టుకెళ్లడం, ఆ ఇంట్లో టీవీ ముందు కాలక్షేపం చేయడం, ఫ్రిజ్ తెరవడం... ఏదీ కూడదు. రోజూ ఒక ఫొటో, రెండు మాటలు యజమానికి పంపితే చాలు. ఆ ఫొటోను వాళ్లు తిరిగొచ్చేదాకా వాట్సప్ స్టేటస్‌లో మాత్రం పెట్టకూడదు. ఫలానా ఇల్లు ఖాళీగా ఉందని ఊరంతా చాటినట్టవుతుంది.

రెండు పేజీల కాగితం

తెలిసినవాళ్లే కదా, కాగితాలెందుకని మొహమాటపడితే తర్వాత స్నేహమూ పోతుంది, డబ్బూ పోతుంది. బాండు పేపర్లేమీ అక్కర్లేదు, రెండు పేజీలు చాలు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, రోజుకు ఎన్నిసార్లు, ఎంత సేపు, ఎంత డబ్బు, అడ్వాన్సు ఎంత, ప్రయాణం రద్దయితే ఎంత తిరిగివ్వాలి... ఇవన్నీ రాసుకోవాలి.

అన్నింటికన్నా ముఖ్యమైన వాక్యం వైద్యం గురించి. జంతువుకు ఒంట్లో బాగోలేకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లే అధికారం సిట్టర్‌కు ఉండాలి. ఎంత ఖర్చు దాకా అడగకుండా పెట్టొచ్చో అంకె రాయించుకోవాలి. ముసలి కుక్క అయితే, యజమాని అందుబాటులో లేనప్పుడు జరగరానిది జరిగితే ఏం చేయాలో కూడా ముందే అడగాలి. అడగడానికి నోరు రాని ప్రశ్నే. కానీ విమానంలో ఉన్న యజమాని ఫోన్ మోగని ఆరు గంటల్లో ఆ కాగితమే సిట్టర్‌కు దారి చూపుతుంది.

ఎంత తీసుకోవాలి?

మొదట్లో చాలామంది పక్క సిట్టర్ కన్నా యాభై తక్కువ చెప్పి పని పట్టుకుంటారు. లెక్క వేసుకోరు. ఊహించి ఒక లెక్క చూద్దాం. వెళ్లిన ప్రతిసారికీ 250 రూపాయలు. నాలుగు రోజులు, రోజుకు రెండుసార్లు అంటే 8 సార్లు, మొత్తం 2000 రూపాయలు. ఇల్లు 5 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే రానూపోనూ 80 కిలోమీటర్లు. పెట్రోలుకు 220 పోతే మిగిలేది 1780. వెళ్లిన ప్రతిసారీ అక్కడ అరగంట, ట్రాఫిక్‌లో 40 నిమిషాలు... మొత్తం 9 గంటల 20 నిమిషాలు. గంటకు వచ్చింది 190 రూపాయలు.

అదే ఇల్లు పక్క వీధిలో ఉండి నడిచి వెళ్తే? రానూపోనూ పది నిమిషాలు. మొత్తం సమయం 5 గంటల 20 నిమిషాలు. గంటకు 375 రూపాయలు! తీసుకున్న డబ్బు ఒకటే, చేతికి వచ్చింది దాదాపు రెట్టింపు. కొత్తవాళ్లు నగరమంతా కరపత్రాలు పంచే బదులు తమ కాలనీలో, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పేరు తెచ్చుకుంటే మేలని ఈ లెక్కే చెబుతోంది. దగ్గర్లోని పశువైద్యుడు, పెంపుడు జంతువుల తిండి అమ్మే దుకాణం, అపార్ట్‌మెంటు సంఘం... ఈ మూడుచోట్లా పరిచయం చేసుకుంటే ప్రకటన ఖర్చు ఉండదు.

ఆదాయం ఏడాది పొడవునా ఒకేలా రాదు. దసరా, దీపావళి, సంక్రాంతి, వేసవి సెలవులు మంచి రోజులు. మధ్యలో నెలల తరబడి ఖాళీ. రోజూ పొద్దున కుక్కలను తిప్పే పని రెండు మూడిళ్లలో కుదుర్చుకుంటే నెల గడుస్తుంది. మొదటి ఏడాది ఈ పనినే నమ్ముకుని ఉన్న ఉద్యోగం వదిలేయడం తెలివైన పని కాదు.

ఇంకో సంగతి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. అందరూ పండక్కి ఊరెళ్లే రోజులే సిట్టర్‌కు పని రోజులు. అమ్మ అరిసెలు వండి ఎదురుచూస్తున్నా ఆ నాలుగు రోజులూ కదలడానికి ఉండదు. దానికి సిద్ధపడ్డ కుటుంబమైతేనే ఈ పని నిలుస్తుంది. సిట్టర్‌కే జ్వరం వస్తే వెళ్లడానికి ఇంకొకరు తయారుగా ఉండాలి. ఆ రెండో మనిషిని కూడా యజమానికి ముందే పరిచయం చేయాలి.

చట్టం ఏమంటోంది?

ఈ సంపాదన ఉన్నవాళ్లు ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న వ్యాపారంగా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. సేవలపై ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితేగానీ తెలుగు రాష్ట్రాల్లో జీఎస్టీ నమోదు గొడవ సాధారణంగా ఉండదు. కుక్కలను సొంత ఇంటికి తెచ్చుకుని చూడాలనుకుంటే మాత్రం ఇంటి యజమానితో, అపార్ట్‌మెంటు సంఘంతో ముందు మాట్లాడుకోవాలి. మున్సిపాలిటీ నిబంధనలు కనుక్కోవాలి. పెంపుడు కుక్కకు స్థానికంగా లైసెన్సు అవసరమైన చోట యజమాని తీసుకున్నారో లేదో చూసుకోవాలి.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. మన రామచిలుకను పంజరంలో పెట్టి పెంచడం, కొండ గోరువంకను, నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 'చిలకమ్మను కూడా కాస్త చూడండి' అని యజమాని మామూలుగా అనొచ్చు. తాళంచెవి తీసుకుని దాన్ని సాకేవాళ్లు కూడా చిక్కుల్లో పడొచ్చు. బడ్జీలు, కాకటీల్‌ల లాంటి విదేశీ పక్షుల సంగతి వేరు.

కాదనడమూ పనిలో భాగమే

మొదటి నెలల్లో వచ్చిన ఏ పనినీ వదులుకోబుద్ధి కాదు. కానీ కొన్నింటిని వదులుకోవాల్సిందే. పరిచయంలోనే మీదకు దూకిన పెద్ద కుక్క, ఇన్సులిన్ సూది వేయాల్సిన పిల్లి, రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో చెప్పలేని యజమాని, 'మా వాడికి టైం అక్కర్లేదు, వీలున్నప్పుడు రండి' అనే ఇల్లు... చేతకానిదైతే చేతకాదని చెప్పడం మర్యాదే. పండగకు ఆరిళ్లు ఒప్పుకుని ఏ ఇంటికీ వేళకు వెళ్లలేకపోవడం కన్నా మూడిళ్లతో ఆగిపోవడం మంచిది. ఆలస్యమైన ఆ రెండు గంటలూ గుమ్మం దగ్గర ఉగ్గబట్టుకుని కూర్చునేది నోరు లేని ప్రాణి. ఎందుకు రాలేదని అడగలేదు, యజమానికి ఫిర్యాదూ చేయలేదు. చూసేవాళ్లు లేనప్పుడు కూడా పని అంతే సరిగ్గా చేయడం ఈ వృత్తికి ప్రాణమని అనేది అందుకే.

పని బాగా చేసినందుకు దక్కే మెప్పు కూడా విచిత్రంగానే ఉంటుంది. యజమాని తలుపు తీయగానే కుక్క ఎగిరి ఆయన మీద పడుతుంది. నాలుగు రోజులు అన్నం పెట్టిన మనిషి వంక కూడా చూడదు. చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. దిగులుపడకుండా, జబ్బుపడకుండా, చిక్కిపోకుండా తనవాళ్లకు ఎదురెళ్లిందంటే సిట్టర్ తన పని చేసినట్టే. తాళంచెవి తిరిగిచ్చేటప్పుడు ఏ పూట ఎంత తిన్నదో రాసిన కాగితం కూడా చేతికిస్తే, వచ్చే పండక్కి టికెట్లు తీసుకునే ముందే ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తుంది.